ఇంటికి వచ్చిన ఆఫీసు ఫైలు

ఆఫీసు ఫైలును ఇంటికి తెచ్చుకొనుట మనవారికి క్రొత్త విద్య కాదు. కచ్చేరి గుమాస్తా సాయంకాలము చంకలో కాగితముల కట్ట పెట్టుకొని ఇల్లు చేరుటయు, భోజనమైన పిదప దీపము ముందు కూర్చుండి పని ముగించుటయు, మరునాటి ఉదయమున ఆ కట్టను తిరిగి కచ్చేరికి చేర్చుటయు మన పెద్దలు చూచిన దృశ్యమే. ఆ కట్ట గడప దాటుటకు ఒక పద్ధతి ఉండెడిది. పై అధికారి సరే అనవలెను. అది ఎవరి చేతిలో ఉన్నదో ఎక్కడనో ఒకచోట వ్రాసి ఉండవలెను. ఇంటిలో పిల్లవాడు దానిమీద సిరా ఒలుకబోసినను, ఎలుక కొరికినను, జవాబు చెప్పవలసినవాడు గుమాస్తాయే.

కాగితపు ఫైలునకు ఒక సుగుణమున్నది. అది ఒక సమయమున ఒక్క చోటనే ఉండగలదు. ఇంటిలో ఉన్నచో ఆఫీసులో లేదు. బీరువాలో ఖాళీ కనబడగానే ఎవరో ఒకరు అడుగుదురు. కంప్యూటరు ఫైలు అట్లు కాదు. అది ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పోయినను మొదటి చోట చెక్కుచెదరక ఉండును. పోయినట్లు జాడ కూడ పైకి కనబడదు. ఎన్ని ప్రతులు ఎన్ని చోట్ల నిలిచిపోయినవో, వాటిని చేసినవారికే కొన్నాళ్లకు లెక్క తప్పును. ఆఫీసువారిచ్చిన ల్యాప్‌టాప్‌నకును, ఇంటిలోని కంప్యూటర్లకును నడుమ ఫైళ్ల రాకపోకలను గురించి నేడు ముచ్చటింపదలచినాము. ఈ తేడాను మొదటనే మనసునందుంచుకొనవలెనని కోరుచున్నాము.

ఈ ప్రశ్న మన ప్రాంతపు ఇండ్లలోనికి ఒక్కసారిగా వచ్చిపడినది 2020 మార్చిలో. ఆ నెల 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌన్ ఆరంభమైనది. దానికి ముందు వెనుకలుగా బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నగరములలో పనిచేయు మన బిడ్డలు ల్యాప్‌టాప్ సంచిని భుజమున వేసికొని తిరుపతికి, చిత్తూరుకు, మదనపల్లెకు, శ్రీకాళహస్తికి మరలి వచ్చినారు. ఇంటినుండి పనిచేయుటకు అడ్డుగానున్న నిబంధనలను కేంద్ర టెలికాం శాఖ ఆ మార్చిలోనే తాత్కాలికముగా సడలించినది. నవంబరులో వాటిలో పెక్కింటిని తొలగించినది. అంతకు రెండేండ్లకు పైగా ముందే, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించి యుండిరి. నేలను త్రవ్వకుండ కరెంటు స్తంభముల మీదుగానే గాజుతీగను ఊరూరికి లాగుట దాని ప్రత్యేకత. తీగ వచ్చినది, పెట్టె వచ్చినది, మిద్దెమీది గది ఆఫీసైనది. మహమ్మారి తగ్గిన తరువాత కూడ వారమున కొన్ని దినములు ఇంటినుండి పనిచేయు అలవాటు చాల సంస్థలలో నిలిచిపోయినది.

ఒక ఇంటిని ఊహింతము. క్రింది గదిలో తండ్రిగారి కంప్యూటరు, దానికి తగిలించిన ప్రింటరు. మిద్దెమీద కుమార్తె, ఆమె ముందు ఆఫీసు ల్యాప్‌టాప్. రెండింటికిని ఇంటర్నెట్ వచ్చుచున్నది ఒక్క రౌటరునుండియే. “నాయనా, ఈ రెండు పేజీలు ప్రింటు తీయల్ల, నీ కంప్యూటరు నాకు కనపడలేదే!” అని పైనుండి కేక. ఒకే కప్పు క్రింద, ఒకే పెట్టెకు తగులుకొని ఉన్న రెండు యంత్రములు ఒకదానినొకటి ఎరుగకపోవుట వింతగా తోచును.

వింత కాదు. ఆ ల్యాప్‌టాప్ మన ఇంటిలో ఉన్నదే గాని మన ఇంటిది కాదు. ఇంటిలో ఒక గది అద్దెకిచ్చినచో గోడలు మనవే, తాళపుచెవి మాత్రము అద్దెకున్నవారిది. అట్లే ఆ యంత్రముయొక్క తాళములన్నియు దూరముననున్న ఆఫీసువారి అధీనములో ఉండును. అది ఎవరితో మాటాడవచ్చునో, ఏ పెన్‌డ్రైవును అంగీకరింపవచ్చునో వారే నిర్ణయింతురు. ఇంటి కంప్యూటరు నెట్‌వర్కునందు ఉన్నవారిని ఇంటివారుగా భావించునట్లు ‘ప్రైవేట్’ అను అమరికలో ఉండవచ్చును. ఆఫీసు ల్యాప్‌టాప్ అదే నెట్‌వర్కును రైల్వే స్టేషనువలె ‘పబ్లిక్’గా ఎంచి, తలుపులు మూసికొని కూర్చుండవచ్చును.

వి.పి.ఎన్. అను మరియొక ఏర్పాటు కలదు. ఇంటినుండి ఆఫీసు వరకు బహిరంగపు బాటలోనే ఒక గుప్తమైన సొరంగము వేయుట దాని పని. కొన్ని సంస్థలు ల్యాప్‌టాప్‌నుండి వెడలు ప్రతి మాటను ఆ సొరంగముగుండనే పంపును. అప్పుడు క్రింది గదిలోని ప్రింటరునకు పంపదలచిన పుట కూడ సొరంగముగుండ ఆఫీసునకు పోయి, అక్కడ అట్టి ప్రింటరు లేదని జవాబు తెచ్చును. కొన్ని సంస్థలు ఆఫీసు పనికి మాత్రము సొరంగము నుంచి, తక్కిన దానిని ఇంటి బాటకు విడుచును. అందువలననే ఒకరి ఇంట సాగిన ఉపాయము పొరుగింట సాగదు. పొరుగింటివారి తెలివి తక్కువయని అనుకొనరాదు.

విలాసముల చిక్కు ఇంకొకటి. 192.168 అను అంకెలతో ఆరంభమగు విలాసములను ఇండ్లకును, సంస్థలకును లోపలి వాడుకకని ప్రత్యేకించినారు. 1996 నాటి ఒప్పందము దీనిని స్థిరపరచినది. ఎవరైనను, ఎన్నిచోట్లనైనను వీటిని వాడుకొనవచ్చును. మన ఊళ్లలో గాంధీరోడ్డు వంటిదన్నమాట. తిరుపతిలో గాంధీరోడ్డు ఉన్నది, ఇతర పట్టణములలోను ఉన్నది. ఊరు చెప్పకుండ గాంధీరోడ్డు అని మాత్రము వ్రాసిన ఉత్తరము ఎక్కడికి పోవునో తపాలావానికి తెలియదు. ఇంటి నెట్‌వర్కును, ఆఫీసు నెట్‌వర్కును ఒకే అంకెలను వాడుచున్నచో సొరంగము తెరచియున్నంతసేపు ల్యాప్‌టాప్‌నకు ఇదే భ్రాంతి కలుగును. ఇంటి రౌటరులో నడిమి అంకెను మార్చుకొన్నచో ఈ చిక్కు తొలగును.

ఇంత శ్రమ ఎందుకు, ఇంటర్నెట్‌లోనికి ఎక్కించి మరల దించుకొనరాదా యని అడుగవచ్చును. చిన్న ఫైళ్లకు అదే సుఖము. పెద్దవాటి సంగతి వేరు. నాలుగు గిగాబైట్ల ఫైలు సెకనునకు నూరు మెగాబిట్ల వేగముగల ఇంటి తీగమీద సుమారు అయిదున్నర నిమిషములలో ఒక గదినుండి ఇంకొక గదికి చేరును. సెకనునకు పది మెగాబిట్ల వేగముతో బయటికి ఎక్కించుటకే అది యాబది నిమిషములకు పైగా పట్టును, దించుకొనుట వేరుగా. ధ్వనితో పనిచేయు మావంటివారికి ఇది అనుభవైకవేద్యము. కుదింపని ధ్వని నిమిషమునకు పది మెగాబైట్లకు పైగా ఆక్రమించును; పది నిమిషముల ప్రసంగము నూరు మెగాబైట్లు దాటును. మన ప్రాంతపు పాత ఇండ్లలో గోడలు మందము గనుక వైఫై ఒక గది దాటునప్పటికే డస్సిపోవును. మిద్దెమీదికి ఒక తీగను లాగుట ఖర్చుకు తగిన పనియే యని మా అభిప్రాయము.

ఇక మార్గము. మొదటిది అడుగుట. ల్యాప్‌టాప్ తీసికొన్ననాడు ఒక కాగితముమీద సంతకము చేసియుందురు. అందు ఏమున్నదో చదివినవారు అరుదు. దానిని తీసి చదువవలెను, ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత చూచువారిని అడుగవలెను. కూడదన్నచో కూడదు. ఫైలును సొంత మెయిలుకు పంపుకొనుట, ఫోనుతో తెర ఫోటో తీసికొనుట మొదలగు అడ్డదారులు చాలమంది త్రొక్కుచున్నారు. అవి అడ్డదారులే గాక, ఉద్యోగమునకు ముప్పు తెచ్చు దారులు. కూడదన్న ఆఫీసులు సాధారణముగా వేరొక దారిని చూపును. తమ అధీనములోని నిలువచోటును ఇచ్చును. లేదా ఆఫీసులోని కంప్యూటరును ఇంటి తెరమీద నడుపుకొననిచ్చును. ఈ రెండవ పద్ధతిలో ఫైలు కదలదు, దాని బొమ్మ మాత్రము మన కన్నులయెదుట ఆడును.

సరే యన్నచో అప్పుడు ఏ యంత్రమున తలుపు పెట్టవలెను? దీనిని చాలమంది తలక్రిందులుగా చేయుదురు. పంచుకొను ఫోల్డరును ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఇంటి కంప్యూటరునుండి దానిలోనికి పోవ యత్నింతురు. ల్యాప్‌టాప్ ఊళ్లు తిరుగు వస్తువు. దానికి పెట్టిన తలుపు రేణిగుంట జంక్షనులోను, బెంగుళూరు హోటలులోను కూడ దానితోపాటే వెంటవచ్చును. ఇంటి కంప్యూటరు ఇల్లు కదలదు. కావున తలుపు ఇంటి కంప్యూటరుననే ఉండవలెను. ల్యాప్‌టాప్ దాని యొద్దకు వచ్చి, పెట్టవలసినది పెట్టి, తీసికొనవలసినది తీసికొని పోవలెను. ఆ తలుపు కూడ ఇల్లంతటికి గాక ఒక్క ఫోల్డరునకు ఉండవలెను.

ఇక్కడ తరచుగా కాలికి తగులు రాళ్లను కొన్నింటిని చెప్పెదము. ల్యాప్‌టాప్ ఎవరి తలుపు తట్టినను మొదట తన ఆఫీసు పేరునే చెప్పును. ఇంటి కంప్యూటరు ఆ పేరును ఎన్నడును విని యుండదు గనుక పొమ్మనును. ఇంటి కంప్యూటరులో ఈ పనికొరకే ఒక వాడుకరి పేరును, సంకేతపదమును ఏర్పరచి, ల్యాప్‌టాప్ అడిగినప్పుడు ముందు ఇంటి కంప్యూటరు పేరు, వెనుకకు వాలిన గీత, ఆ తరువాత ఆ వాడుకరి పేరు వ్రాయవలెను. రోజును నాలుగంకెలు నొక్కి కంప్యూటరు తెరచువారు ఆ అంకెలనే ఇక్కడ వ్రాసి విసుగుకొందురు. ఆ అంకెలు ఆ యంత్రము ఎదుట కూర్చున్నవారికే చెల్లును, నెట్‌వర్కుగుండ వచ్చువారికి అసలు సంకేతపదమే కావలెను. పేరుతో పిలిచిన పలుకనిచో అంకెల విలాసముతో పిలువవలెను. 2009లో విండోస్ 7తో వచ్చిన హోమ్‌గ్రూప్ అను సులభమార్గమును 2018లో తొలగించినారు; పాత పుస్తకములు చూచి దానిని వెదకి ప్రయోజనము లేదు.

అన్నిటికంటె పెద్ద రాయి వేరు. ఇంటిలో పాత రౌటరు కొకటి హార్డ్‌డిస్కు తగిలించి యుందురు, లేదా పదేండ్లనాటి నిలువపెట్టె ఒకటి ఉండును. క్రొత్త ల్యాప్‌టాప్ దానిని చూడనే చూడదు. ఎవరో ఒక ఉపాయము చెప్పుదురు: “ఎస్.ఎం.బి. మొదటి కూర్పును ఆన్ చేయండి, వెంటనే కనపడుతుంది.” చేసినచో నిజముగనే కనబడును. ఈ ఒక్క ఉపాయమును గురించి కొంత విపులముగా చెప్పక తప్పదు.

విండోస్ యంత్రములు తమలో తాము ఫైళ్లు పంచుకొను భాషకు ఎస్.ఎం.బి. యని పేరు. అది 1980లలో ఐ.బి.ఎం. సంస్థలో పుట్టినది. దానిని ఇతర యంత్రములకు నేర్పినవాడు ఆస్ట్రేలియా దేశస్థుడు ఆండ్రూ ట్రిడ్జెల్; తన కూర్పునకు పేరు కావలసివచ్చి, ఆ మూడక్షరములు వరుసగా వచ్చు మాటలకై కంప్యూటరులోని నిఘంటువును గాలించి ‘సాంబా’ అను పేరు పెట్టినాడు. పేరు నృత్యమును తలపించినను వ్యవహారము గంభీరమే. ఈ భాషయొక్క మొదటి కూర్పు, ఇంటిలోపలివారందరును నమ్మదగినవారే యని జనులు తలచిన కాలమునాటిది. దానిని వాడుట మానివేయుడని మైక్రోసాఫ్ట్‌ సంస్థ 2016 సెప్టెంబరులోనే బహిరంగముగా కోరినది. వినినవారు కొద్దిమంది.

2017 మార్చి 14న ఆ కూర్పులోని ఒక లోపమునకు మరమ్మతు వెలువడినది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ యొద్దనుండి దొంగిలింపబడినట్టి, ఆ లోపమును ఉపయోగించుకొను సాధనము ఏప్రిల్‌లో బయటపడినది. మే 12న ‘వన్నాక్రై’ అను పురుగు లోకముమీద పడినది. ఎవరును ఏ ఉత్తరమును తెరువలేదు, ఏ బొమ్మను నొక్కలేదు. ఫైళ్లు పంచుకొనుటకు తెరచియున్న 445వ ద్వారమును తట్టుచు, మరమ్మతు లేని యంత్రము దొరికినచో లోపలికి దూరుచు, అందలి ఫైళ్లనన్నిటిని బీగము వేయుచు, అక్కడనుండి ప్రక్క యంత్రమునకు ప్రాకుచు పోయినది. తెరమీద మూడువందల డాలర్ల వెల చూపినది. సుమారు నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు చిక్కినవి. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసివచ్చినది.

అది ఎక్కడి బ్రిటను, ఎక్కడి మనము అనుకొనుటకు వీలులేకపోయినది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలో 18 పోలీసు విభాగములందలి కంప్యూటర్లు ఆ పురుగు వాతబడినట్లు ఆనాటి వార్తలు తెలిపినవి. తిరుపతి నాడు చిత్తూరు జిల్లాలోనిదే. తిరుపతి జిల్లా వేరుపడినది 2022 ఏప్రిల్ 4న. కొలది దినములలో తిరుమల తిరుపతి దేవస్థానముల పరిపాలనా కార్యాలయములలోని కొన్ని కంప్యూటర్లు కూడ చిక్కినవి. భక్తుల దర్శన సేవలకు భంగము కలుగలేదు. చిక్కిన యంత్రములు లోకములో చాలవరకు విండోస్ 7 నడుపునవి. రెండు నెలల పూర్వమే ఉచితముగా దొరికిన మరమ్మతును వేసికొననివి. మార్కస్ హచిన్స్ అను బ్రిటిషు యువకుడు పురుగు లోపల దాగిన ఒక ఇంటర్నెట్ విలాసమును కనుగొని, దానిని తన పేర నమోదు చేయగానే దాని ప్రాకుట ఆగినది. అంతటి ఉపద్రవము అంత స్వల్పమైన పనితో ఆగుట మన అదృష్టమేగాని మన ముందుచూపు కాదు.

ఆ ఏడాది చివరినుండి విండోస్ 10 క్రొత్త ప్రతులలో ఆ మొదటి కూర్పు మూసియే వచ్చుచున్నది. ఇంటిలోని పాత నిలువపెట్టె కనబడకుండుటకు కారణమదియే. అనగా మనకు అసౌకర్యముగా తోచుచున్నది పురుగు వచ్చిన దారికి వేసిన గడియ. దానిని ఇంటి ఫోటోలకొరకు తీసినచో, అదే నెట్‌వర్కున నున్న ఆఫీసు ల్యాప్‌టాప్ పొరుగున ఒక తెరచిన వాకిలి ఏర్పడును; ఆ ల్యాప్‌టాప్‌లో ఎవరి వైద్యపరీక్షల ఫలితములో, ఎవరి బ్యాంకు లెక్కలో ఉండును. ఆ ప్రజలకు మన ఇంటితో సంబంధము లేదు. మన ఇంటి గడియను నమ్ముకొని యుందురని వారెరుగరు కూడ. అట్టి సమాచారమును కాపాడు బాధ్యతను 2023 ఆగస్టులో ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సంస్థలమీద పెట్టినది. తగిన రక్షణ చేయనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి, అమలు దశలవారీగా. అట్టి బరువు తలమీద నున్న సంస్థ ఇంటి ఫోల్డరును చూచి జంకుటలో ఆశ్చర్యమేమి? పాత పెట్టెకు తయారుచేసినవారు క్రొత్త కూర్పు ఇచ్చియున్నచో వేసికొనవలెను, లేనిచో అందలి ఫైళ్లను తీగతో నేరుగా ఇంటి కంప్యూటరునకు మార్చుకొని దానికి సెలవీయవలెను.

అట్లని అన్ని తలుపులు మూసికొని కూర్చుండుమనుట మా ఉద్దేశము కాదు. తిరుమల ఆలయములో అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకులు ఒక అరలో శతాబ్దములపాటు భద్రముగనే ఉండినవి; ఇరువదవ శతాబ్ది ఆదిలో వెలికివచ్చువరకు వాటిలో ఎన్నియో పాటలు పాడువారికి అందలేదు. మన ఇంటిలోను పని సాగవలెను, పుట అచ్చుకావలెను.

పంచుకొను ఫోల్డరును ఎవరును నిలువగదిగా భావింపరాదు. ల్యాప్‌టాప్‌లోనికి పురుగు చొరబడినచో, దానికి వ్రాయు అధికారమున్న ఇంటి ఫోల్డరునకు కూడ బీగము పడును. ఇంటి ముఖ్యమైన కాగితముల ప్రతి వేరొక హార్డ్‌డిస్కులో, నెలకొకసారి తగిలించి తీసివేయునట్టి దానిలో ఉండవలెను. తగిలించియే యుంచిన డిస్కు ఈ పనికి రాదు. ప్రింటరు మాటకు వత్తుము: ఆఫీసు అనుమతించినచో ప్రింటరును తండ్రిగారి కంప్యూటరుకు గాక నేరుగా రౌటరునకు తగిలించుట మేలు. అప్పుడు ఆమె ల్యాప్‌టాప్ ఆయన ఫైళ్ల ప్రక్కగా పోవలసిన పనియే లేదు.

ఎదురు దిక్కునుండి వచ్చు ఫైళ్ల సంగతి ఎవరును తలపోయరు. ఆఫీసు యంత్రము క్రొత్తది, వేగముగలది. ఇంటిలోని ఆధార్ కాగితముల ప్రతులు, పెండ్లి ఫోటోలు, పిల్లల పరీక్షల దరఖాస్తులు మెల్లగా దానిలోనికి చేరును. ఉద్యోగము మారిననాడు గాని, ల్యాప్‌టాప్ పోయినదని తెలిసిననాడు గాని, ఆఫీసువారు దూరమునుండియే దానిని తుడిచివేయగలరు. తుడుచుటకు ముందు పెండ్లి ఫోటోలు ఏవని వెదకరు. తిరిగి ఇచ్చివేయుటకు వారము ముందుగా కూర్చుండి, మనవి ఇంటికి తెచ్చుకొని, వారివి వారి కప్పగించి, క్రింది గది కంప్యూటరులో మిగిలిన ఆఫీసు ప్రతులను వెదకి చెరిపివేయవలెను. చెత్తబుట్ట ఫోల్డరును కూడ ఖాళీ చేయవలెను. అందులో పడినవి పోయినవని చాలమంది అనుకొందురు, అవి అక్కడనే ఉండును.